నిదాన సినిమా (కలకత్తా – తెలుగు)

నిదాన సినిమా: కథను సంఘటనల వేగంతో కాకుండా, ఒక సంఘటనకూ మరో సంఘటనకూ మధ్య గడిచే కాలంతో నడిపే చిత్రం. ఇందులో మాటలు తక్కువ, షాట్లు పొడుగు, సంగీతం పొదుపు. భావోద్వేగం మొదటి గంటలో పైకి తేలదు. అప్పటిదాకా ఓపికపట్టి కూర్చున్నవారికి చివర్లో ఒక్కసారిగా అందుతుంది. భారతదేశంలో ఈ తరహాకు పునాది పడింది కలకత్తాలో. అక్కడి దర్శకులు, సాంకేతికులు, నటుల ద్వారా 1970లలో తెలుగులోకి వచ్చింది. ‘ఒక ఊరి కథ’ (1977), ‘దాసి’ (1988), ‘మిథునం’ (2012) తెలుగులో దీనికి ముఖ్య ఉదాహరణలు. బెంగాలీలో ఇటీవలి ఉదాహరణ ‘ఆశా జావార్ మాఝే’ (2014).

పేరు, లక్షణాలు

తెలుగు ప్రేక్షకుల వాడుకలో దీనికి చాలా పేర్లున్నాయి. నచ్చనివారు ‘నత్తనడక’ అంటారు, ఈ తరం వారైతే ‘ల్యాగ్’ అంటారు. నచ్చినవారు ‘ఓపిగ్గా చూడాలి’ అని ముందే హెచ్చరించి మరీ చూడమంటారు. ఎటూ తేల్చుకోలేనివారు ‘అవార్డు సినిమా’ అని దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటారు. పత్రికల్లో స్థిరపడిన ‘సమాంతర సినిమా’, ‘ఆర్ట్ సినిమా’ అనే మాటల పరిధి ఇంతకంటే పెద్దది. సమాంతర చిత్రాలన్నీ నిదానంగా సాగవు, నిదాన చిత్రాలన్నీ సమాంతర సినిమా ఉద్యమం నుంచి వచ్చినవీ కావు. ప్రపంచ విమర్శలో ఈ ధోరణిని ప్రత్యేకంగా గుర్తించి మాట్లాడినవారిలో ఫ్రెంచ్ విమర్శకుడు మిషెల్ సిమాం ఒకరు. ఆయన 2003లో ‘నిదానపు సినిమా’ అన్న మాట వాడాక అది చర్చలోకి వచ్చింది.

వేగాన్ని కొలవడానికి పరిశోధకులు వాడే కొలబద్ద షాట్ సగటు నిడివి. అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ బోర్డ్‌వెల్ లెక్క ప్రకారం 1930–60 మధ్య హాలీవుడ్ చిత్రాల్లో ఒక్కో షాట్ సగటున 8 నుంచి 11 సెకన్లు నిలిచేది. 1990ల చివరికి అది 3 నుంచి 6 సెకన్లకు పడిపోయింది. నిదాన చిత్రాల్లో ఒకే షాట్ నిమిషాల తరబడి నిలవడం మామూలే.

అయితే ఒక సినిమా నిదానంగా ఎందుకు ఉండాలన్నదానికి కొలబద్ద జవాబు చెప్పదు. కలకత్తాలోనైనా, తెలుగులోనైనా గుర్తుండిపోయిన నిదాన చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. వాటిలో కెమెరా ఆగి చూసేది చాలాసార్లు పని దగ్గరే. వంట, ఊడుపు, కూలి, కొలువు, కొలువు నుంచి ఇంటికి రావడం, వచ్చేవారి కోసం ఎదురుచూడటం. మామూలు సినిమా కత్తెర వేసి పారేసే ఈ భాగాలే వీటిలో కథ. బెల్జియన్ దర్శకురాలు షాంటాల్ ఆకెర్‌మాన్ 1975లో తీసిన ‘జాన్ డీల్‌మాన్’ దీనికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ. 201 నిమిషాల ఆ చిత్రంలో ఎక్కువ భాగం ఒక గృహిణి ఇంటిపనే. బ్రిటిష్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ 2022లో విమర్శకులతో జరిపిన అత్యుత్తమ చిత్రాల ఎంపికలో అది మొదటి స్థానంలో నిలిచింది.

నేపథ్యం: రేవు, ట్రామ్, షిఫ్టు

ఈ తరహా కలకత్తాలో వేళ్లూనుకోవడానికి ఆ నగరం బతికిన తీరూ ఒక కారణం. నగరానికి నైరుతి వైపు, హుగ్లీ ఒడ్డున, ఖిదిర్‌పూర్ రేవును ఆనుకుని ఉన్న వాట్‌గంజ్ అందుకు మంచి నమూనా. 18వ శతాబ్దం చివర అక్కడ ఓడల నిర్మాణశాల పెట్టిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీదనే ఆ పేట వెలిసింది. 1892లో ఖిదిర్‌పూర్ డాక్ తెరిచాక ఆ చుట్టుపక్కల జీవితం ఓడల రాకపోకలతో ముడిపడింది. 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్ దాకా కలకత్తాలో తొలి విద్యుత్ ట్రామ్ నడిచింది. మైదానం చెట్ల నడుమ నుంచి సాగే ఆ మార్గం 2020లో ఆంఫన్ తుఫాను తర్వాత ఆగిపోయింది.

నదికి ఇరువైపులా జనపనార మిల్లులు వరసగా వెలిశాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వేలమంది తెలుగువారు వాటిలో పనికి వెళ్లారు. రేవులోనూ మిల్లులోనూ రోజును కొలిచేది షిఫ్టు. ఒకరు పనికి పోయే వేళకు మరొకరు ఇంటికి చేరతారు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరినొకరు సరిగా చూసుకోలేని బతుకు ఇలాంటి నగరానికి కొత్త కాదు. 2014లో వచ్చిన ‘ఆశా జావార్ మాఝే’ కథావస్తువు సరిగ్గా ఇదే.

పునాది: పథేర్ పాంచాలి నుంచి చారులత దాకా

1947 అక్టోబరులో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా తదితరులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ స్థాపించారు. రెండేళ్లకు ఫ్రెంచ్ దర్శకుడు జాన్ రెన్వార్ ‘ది రివర్’ తీయడానికి బెంగాల్ వచ్చినప్పుడు రాయ్ ఆయనను దగ్గరగా చూశారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ సాయంతో పూర్తయిన ‘పథేర్ పాంచాలి’ 1955 ఆగస్టు 26న కలకత్తాలో విడుదలైంది. మరుసటి ఏడాది కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ మానవీయ దస్తావేజుగా పురస్కారం పొందింది. నటనానుభవం అంతగా లేనివారితో, నిజమైన పల్లెలో, వాన కోసం వానాకాలం దాకా ఆగి సినిమా తీయవచ్చని అది నిరూపించింది.

నిదానం ఎంత పని చేయగలదో చూపింది మాత్రం రాయ్ 1964లో తీసిన ‘చారులత’. దీనికి ఆధారం రవీంద్రనాథ్ ఠాగూర్ ‘నష్టనీడ్’. మొదటి ఏడు నిమిషాలు దాదాపు మాటలే ఉండవు. కథానాయిక చారు భర్త కోసం రుమాలు మీద అక్షరం కుడుతుంది. పుస్తకం తీస్తుంది, పెట్టేస్తుంది. వీధిలో చప్పుడు వింటే చేతిలో చిన్న దుర్భిణి పట్టుకుని ఒక కిటికీ నుంచి మరో కిటికీకి పోతూ, రెక్కల సందుల్లోంచి పల్లకీని, గొడుగు పట్టుకుపోయే లావాటి మనిషిని చూస్తుంది. ఇంతలో భర్త పుస్తకంలో తల దూర్చి, ఆమె పక్క నుంచే నడిచిపోతాడు. ఆమె వెనక నుంచి అతణ్ణి కూడా దుర్భిణితోనే చూసి, చెయ్యి కిందికి దించుతుంది. ఆ దంపతుల మధ్య దూరం ఎంతో ఒక్క మాట లేకుండా ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఈ చిత్రానికి రాయ్ 1965లో బెర్లిన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నారు.

మృణాల్ సేన్ చేతిలో ఈ పద్ధతి మధ్యతరగతి ఇంటి మీదికి మళ్లింది. ‘ఏక్ దిన్ ప్రతిదిన్’ (1979)లో ఇంటిల్లిపాదినీ పోషించే అమ్మాయి ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి రాదు. సినిమా మొత్తం ఆ ఎదురుచూపే. తెల్లారుజామున ఆమె తిరిగొస్తుంది. రాత్రంతా ఎక్కడుందో ఎవరూ అడగరు, సినిమా కూడా చెప్పదు. ఆ ఒక్క రాత్రిలో బయటపడేది ఆమె రహస్యం కాదు, ఆమె జీతం మీద బతుకుతున్న ఇంటి అసలు రంగు. 1982 నాటి ‘ఖారిజ్’ ఒక ఇంట్లో పనిచేసే పిల్లవాడి మరణం చుట్టూ తిరుగుతుంది. 1983లో దానికి కాన్‌లో జ్యూరీ బహుమతి దక్కింది.

తెలుగుతో పాత బంధం

కలకత్తాకూ తెలుగు సినిమాకూ బంధం టాకీల తొలినాళ్లదే. సి. పుల్లయ్య దర్శకత్వం వహించిన ‘సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) చిత్రాలను కలకత్తాకు చెందిన ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ నిర్మించింది. తర్వాత సినిమా మద్రాసుకు మళ్లినా బెంగాలీ కథలు ఆగలేదు. చక్రపాణి అనువాదాలతో శరత్‌చంద్ర తెలుగింటి రచయిత అయిపోయాడు. వేదాంతం రాఘవయ్య ‘దేవదాసు’ (1953), భానుమతి, అక్కినేని నటించిన పి. ఎస్. రామకృష్ణారావు చిత్రం ‘బాటసారి’ (1961) ఆ నవలల నుంచి వచ్చినవే. ‘బాటసారి’కి మూలం శరత్ ‘బడదీదీ’. పైకి చెప్పుకోని ప్రేమను పట్టుకుని మెల్లగా నడిచే ఆ సినిమాలోని విషాదం ఆ తర్వాతి నిదాన చిత్రాలకు దగ్గరి చుట్టం. వీటిలో పాటలున్నాయి, నాటకీయ సంభాషణలున్నాయి. అయినా దుఃఖాన్ని తొందరపెట్టకూడదన్న పాఠం తెలుగు ప్రేక్షకుడు మొదట నేర్చుకుంది శరత్ దగ్గరే.

ఒక ఊరి కథ (1977)

తెలుగులో నిదాన సినిమా స్పష్టంగా మొదలైంది మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’తో. ప్రేమ్‌చంద్ చివరి రోజుల్లో రాసిన ‘కఫన్’ దీనికి మూలం. ఉత్తరాది పల్లెలో జరిగే ఆ కథను సేన్ తెలంగాణకు తెచ్చారు. నిర్మాత ఎ. పరంధామరెడ్డి, ఛాయాగ్రాహకుడు కె. కె. మహాజన్, సంగీతం విజయ రాఘవరావు. కన్నడ చిత్రం ‘చోమన దుడి’తో జాతీయ ఉత్తమ నటుడైన ఎం. వి. వాసుదేవరావు తండ్రి వెంకయ్యగా, జి. నారాయణరావు కొడుకు కిష్టయ్యగా, కలకత్తా నటి మమతా శంకర్ కోడలు నీలమ్మగా నటించారు. రెండేళ్ల తర్వాత ‘ఏక్ దిన్ ప్రతిదిన్’లో రాత్రంతా ఇంటికి రాని అమ్మాయి కూడా మమతా శంకరే.

మూలకథలో తండ్రీకొడుకులు గుడిసె బయట నిప్పుల్లో దుంపలు కాల్చుకుంటూ ఉంటారు. లోపల కోడలు పురిటినొప్పులతో అల్లాడుతుంటుంది. ఒకరు లేచి లోపలికి వెళ్తే రెండోవాడు దుంపలన్నీ తినేస్తాడన్న అనుమానంతో ఇద్దరూ కదలరు. ఆ కర్కశత్వం ఎక్కడి నుంచి పుట్టిందో చూపడానికి సేన్ కథను వెనక్కి తీసుకెళ్లారు. వెంకయ్య దృష్టిలో పని చేసినా చేయకపోయినా కడుపు కాలక తప్పదు. చేస్తే బాగుపడేది భూస్వామి. అందుకే అతడు పని మానేస్తాడు, కొడుక్కీ అదే నేర్పుతాడు. ఇంటికి వచ్చిన నీలమ్మకు మాత్రం పనే ఆధారం. పని చేసే మనిషి, చేయనంటున్న మనుషులు ఒకే గుడిసెలో ఉండటమే చిత్రం నడక. నిదానం ఇక్కడ వెంకయ్య సోమరితనం లాగే మొదలై, అతడి తిరుగుబాటు లాగా అర్థమై, నీలమ్మ చావు దగ్గర భరించలేనిదిగా మారుతుంది. చిత్రానికి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. కార్లోవీ వారీ, కార్తేజ్ చిత్రోత్సవాల్లో ప్రత్యేక పురస్కారాలు వచ్చాయి.

దాసి (1988)

కలకత్తా నుంచి తెలంగాణకు వచ్చిన రెండో దర్శకుడు గౌతమ్ ఘోష్. కృషన్ చందర్ నవల ఆధారంగా ఆయన తీసిన తొలి కథాచిత్రం ‘మా భూమి’ 1980 మార్చి 23న విడుదలైంది. అది నిదాన చిత్రం కాదు, పోరాట గాథ. కానీ దాన్ని నిర్మించినవారిలో ఒకరైన బి. నర్సింగరావు ఆ తర్వాత తానే దర్శకుడయ్యారు. హైదరాబాదులో బతికే చిత్రకారుడి కథ ‘రంగుల కల’ (1983) తర్వాత ఆయన తీసిన ‘దాసి’ తెలుగు నిదాన చిత్రాల్లో శిఖరం.

కథాకాలం 1920ల నాటి నిజాం తెలంగాణ. పెళ్లికూతురి వెంట అరణంగా పంపే దాసీల ఆచారం దీని వస్తువు. కమలాక్షి ఒక దొర గడీలో దాసి. ఆమెకు జీతం లేదు, సెలవు లేదు, తనదంటూ ఒక వేళ లేదు. గడీ పనీ, దొరసాని సేవా, దొర పిలుపూ అన్నీ ఆమె మీదే. గర్భం దాలిస్తే ఆ బిడ్డను కనాలో వద్దో నిర్ణయించేది కూడా ఆమె కాదు. నర్సింగరావు ఈ కథలో ఉపన్యాసం పెట్టలేదు, నేపథ్య సంగీతంతో కన్నీళ్లు పిండలేదు. కమలాక్షి పని ఎంతసేపు సాగితే కెమెరా అంతసేపు నిలబడింది. గడీ అరుగులు, చీకటి గదులు, మిట్టమధ్యాహ్నపు నిశ్శబ్దం చూసి చూసి, ఆమెకు ఆ గోడల అవతల లోకమే లేదని ప్రేక్షకుడికి తనంతట తానే తడుతుంది. చివరికి దెబ్బ తగిలినప్పుడు అది పెద్ద అరుపుగా రాదు. అందుకే ఎక్కువ కాలం వెంటాడుతుంది.

దీనికి ఛాయాగ్రాహకుడు ‘27 డౌన్’తో పేరు తెచ్చుకున్న ఎ. కె. బీర్, కళా దర్శకుడు చిత్రకారుడు తోట వైకుంఠం. 36వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో తెలుగులో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటి (అర్చన), ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం, దుస్తులు అన్న ఐదు విభాగాల్లో ‘దాసి’ గెలిచింది. అంతకు ముందు ఏడాదే బాలు మహేంద్ర తమిళ చిత్రం ‘వీడు’కు అర్చన ఇదే పురస్కారం అందుకున్నారు. ‘దాసి’ 1989లో మాస్కో చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. నగరానికి వలసవచ్చిన నిర్మాణ కూలీల మీద నర్సింగరావు 1990లో తీసిన ‘మట్టి మనుషులు’ కూడా ఈ కోవలోదే.

మిథునం (2012)

తెలుగు నిదాన సినిమాకు సొంత గొంతు ఇచ్చిన చిత్రం తనికెళ్ల భరణి ‘మిథునం’. శ్రీరమణ రాసిన అదే పేరుగల కథ దీనికి మూలం. కథ ఎంతగా ఆకట్టుకుందంటే బాపు దాన్ని మొత్తం తన దస్తూరీతో రాసుకున్నారు. మలయాళంలో ఎం. టి. వాసుదేవన్ నాయర్ దాన్నే ‘ఒరు చెరుపుంచిరి’ (2000)గా తీశారు. భరణి చిత్రంలో తెరమీద కనిపించేవి రెండే పాత్రలు: అప్పదాసుగా ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి. పిల్లలు విదేశాల్లో ఉంటారు. ఇంట్లో మిగిలింది ఇద్దరు ముసలివాళ్లు, ఆవు, పెరడు, వంటిల్లు.

కలకత్తా చిత్రాల నిదానం మౌనంలో ఉంటే ‘మిథునం’ నిదానం మాటల్లో ఉంది. ఇద్దరూ రోజంతా దెప్పుకుంటూనే ఉంటారు. కథ కదలదు. పాదులో నీళ్లు పోయడం దగ్గర్నుంచి పచ్చళ్లు, పిండివంటల దాకా పని మీద పని సాగుతుంటుంది. ఏమీ జరగడం లేదనిపించే ఆ పూటలన్నీ పోగుపడి ముగింపులో బరువవుతాయి. అప్పదాసు ముందుగా పోతాడు. తాను లేకపోతే ఆయన ఒక్క పూట కూడా గడుపుకోలేడు కనుక ఇలా జరగడమే మేలని బుచ్చిలక్ష్మి అనుకోవడం, అంతకు ముందు గంటన్నర వారి వంటింట్లో కూర్చున్నవారికే పూర్తిగా అర్థమయ్యే మాట.

ఆశా జావార్ మాఝే (2014)

ఆదిత్య విక్రమ్ సేన్‌గుప్తా తొలి చిత్రం ఇది. పేరుకు ‘రాకపోకల నడుమ’ అని అర్థం. ఇటాలియన్ రచయిత ఇటాలో కల్వీనో రాసిన భార్యాభర్తల కథ ఒకటి దీనికి ప్రేరణ. కల్వీనో కథలో భర్తది రాత్రి పని, భార్యది పగటి పని. ఒకరు లేచి వెళ్లిపోయాక రెండోవారు పడుకుని, పక్కలో మిగిలిన వెచ్చదనం కోసం అటువైపు జరుగుతారు. సేన్‌గుప్తా ఆ జంటను ఉద్యోగాలు ఊడిపోతున్న నాటి కలకత్తాకు తెచ్చారు. భార్య (బసబదత్తా ఛటర్జీ) పగలు చేతిసంచుల కర్మాగారంలో పనిచేస్తుంది. భర్త (రిత్విక్ చక్రవర్తి) రాత్రి అచ్చుయంత్రాల దగ్గర పనిచేస్తాడు. ఒకరు ఆరేసిన బట్టలు మరొకరు తీస్తారు, ఒకరు వండింది మరొకరు తింటారు.

సినిమాలో సంభాషణ లేదనే చెప్పాలి. దాని చోటును వీధి చప్పుళ్లు, పక్కిళ్ల నుంచి వినవచ్చే పాటలు తీసుకున్నాయి. ఈ జంట ఒకరికొకరు దొరికేది పొద్దున కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ క్షణం రాగానే చిత్రం ఇరుకు ఇంటిని వదిలి, చెట్ల మధ్య వేసిన మంచం దగ్గరికి, ఒక కల లాంటి చోటికి వెళ్తుంది. ఆ దృశ్యం అంతగా తాకడానికి కారణం దాని అందం ఒక్కటే కాదు. అంతకు ముందు ప్రేక్షకుడు కూడా ఒక పూర్తి పగలూ ఒక పూర్తి రాత్రీ వారితో పాటు కాచుకుని ఉండటం.

వెనిస్ చిత్రోత్సవంలోని వెనిస్ డేస్ విభాగంలో ఇది తొలి చిత్ర దర్శకుడికిచ్చే ఫెడియోరా పురస్కారం పొందింది. 62వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ తొలి చిత్ర దర్శకుడిగా సేన్‌గుప్తాకు ఇందిరాగాంధీ పురస్కారం, ధ్వని రూపకర్తగా అనీష్ జాన్‌కు పురస్కారం దక్కాయి. సేన్‌గుప్తా తర్వాతి చిత్రాలు ‘జొనాకీ’ (2018), ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ కల్కటా’ (2021).

ఆదరణ, విమర్శ

నిదాన చిత్రాలకు హాలు దొరకడం మొదటి నుంచీ కష్టమే. కలకత్తాలో ఫిల్మ్ సొసైటీలు, 1985లో సత్యజిత్ రాయ్ చేతుల మీదుగా మొదలైన నందన్ చలనచిత్ర కేంద్రం, 1995 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ చిత్రోత్సవం వీటికి ప్రేక్షకులను తయారుచేశాయి. తెలుగునాట అంత పెద్ద ఆసరా లేదు. ‘దాసి’ లాంటి చిత్రాలు చాలామందికి చేరింది ఫిల్మ్ క్లబ్బుల ద్వారా, దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నాల్లో వేసిన ప్రాంతీయ భాషా చిత్రాల ద్వారా. ‘మిథునం’ టీవీలోనూ, యూట్యూబ్‌లోనూ ఇంటింటికీ వెళ్లింది. 2018లో స్థానికులనే నటులుగా పెట్టి వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’కు థియేటర్లలోనూ ఆదరణ దొరికింది.

ఈ తరహా మీద ఉన్న విమర్శలు రెండు. పేదరికాన్ని అందంగా చూపి చిత్రోత్సవాల్లో అమ్ముకుంటారన్నది ఒకటి. చెప్పడానికి ఏమీ లేనప్పుడు నిదానం ఒక ముసుగు అవుతుందన్నది రెండోది. రెండోదానిలో నిజం ఉంది. ఖాళీ షాట్లను పేర్చి గంభీరంగా కనిపించాలనుకున్న సినిమాలు రెండు భాషల్లోనూ కొల్లలు. పైన చెప్పిన చిత్రాలు వాటి నుంచి వేరుపడేది ఒక్క చోటే: వీటిలో నిలిచి చూసిన ప్రతి పనీ ముగింపులో లెక్కకు వస్తుంది. నీలమ్మ కూలి, కమలాక్షి ఊడిగం, బుచ్చిలక్ష్మి వంట తీసేస్తే ఆ ముగింపుల్లో ఏమీ మిగలదు.

ఓటీటీ తెరల మీద పది సెకన్లు ముందుకు దూకే బొత్తం వచ్చాక నిదాన చిత్రాలకు పెద్ద అడ్డంకి నిడివి అన్న భావన బలపడింది. లెక్క చూస్తే అది నిలవదు. ‘ఆశా జావార్ మాఝే’ మొత్తం నిడివి 84 నిమిషాలు. మన మామూలు మాట్నీ ఆటలో ఇంటర్వెల్ గంట మోగి, జనం మళ్లీ సీట్లలో కూర్చునేసరికి అది అయిపోతుంది.